స్టెలెన్‌బోష్ తోటల్లో మన తీరం పేరు



దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్ళు అనగానే మనకు నేటాల్ చెరకుతోటలు గుర్తుకొస్తాయి. 1860లో మద్రాసు రేవు విడిచిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. దాని వెనకే ఓడ మీద ఓడ. కూలి ఒప్పందాల మీద మనవాళ్ళు సముద్రం దాటారు. వాళ్ళ మునిమనుమలు ఇవాళ్టికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. ఈ కథ మనలో చాలామందికి తెలుసు.

ఇవాళ నేను చెప్పబోయే ఊరు అదే దేశంలో ఉంది కానీ డర్బన్ దరిదాపుల్లో లేదు. ఆఫ్రికా ఖండం నైరుతి కొసన, కేప్‌టౌన్‌కి తూర్పుగా 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు స్టెలెన్‌బోష్. ద్రాక్షతోటలకు, పళ్ళతోటలకు, వైనుకు లోకప్రసిద్ధమైన పాత ఊరు. ఏటా ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఓక్ చెట్ల నీడన నడుస్తారు, తెల్లటి సున్నపు గోడల ముందు ఫొటోలు దిగుతారు, నాలుగు రకాల వైను రుచి చూసి వెళ్తారు. వెళ్ళదగిన ఊరే, సందేహం లేదు. అయితే ఆ ఊరి పాత దస్తావేజుల్లో మన సముద్రతీరం పేరు ఉంది. ట్రూరో ఓడకు రెండు వందల ఏళ్ళ ముందే మన తీరం మనుషులు కేప్ అనే ఆ నైరుతి కొస ప్రాంతానికి చేరారు. అందుకే ఆ ఊళ్ళో తెలుగువాడు ఎలా నడవాలన్నది మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు ఊరి సంగతి చెప్పుకుందాం. అక్కడ కాలాలు మనకు తారుమారు. మనకు చలికాలమైతే వాళ్ళకు వేసవి. పైగా వానలు చలికాలంలోనే పడతాయి, జూన్ నుంచి ఆగస్టు దాకా. వేసవిలో ఆకాశం నీలంగా, పొడిగా ఉంటుంది. మధ్యాహ్నాలు ఆగ్నేయపు గాలి సముద్రం మీదినుంచి చల్లదనం మోసుకొస్తుంది. కొండవాలు నేలలు నల్లరాయి శిథిలమై ఏర్పడ్డవి. నీరు నిలవదు, కానీ లోపల తడి ఉంటుంది. ద్రాక్షకు ఇంతకంటే ఏం కావాలి? పగలు ఎండ, సాయంత్రం చల్లగాలి, పండు పక్వానికొచ్చే రోజుల్లో వానభయం లేకపోవడం. సంక్రాంతి దాటి నెలాఖరు వచ్చేసరికి కోతలు మొదలవుతాయి, మార్చి దాకా సాగుతాయి. ఆ రోజుల్లో వెళితే ఊరంతా పులిసే ద్రాక్షరసం వాసన.

ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవాళ్ళకు ద్రాక్ష అంటే పందిరి. తలెత్తి చూస్తే గుత్తులు వేలాడుతుండాలి. ఇక్కడ పాత తోటల్లో పందిరి ఉండదు. ఒక్కో తీగ మోకాలెత్తు మొద్దులా, దేని ఆసరా లేకుండా, తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంటుంది. కొత్త తోటల్లో తీగెల మీద వరసలుగా పాకిస్తారు. ఎలా పెంచినా కోసేవాళ్ళు నడుం వంచక తప్పదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఊరు పుట్టింది 1679లో. డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున కేప్ పాలకుడిగా వచ్చిన సిమోన్ వాన్ డెర్ స్టెల్ ఏర్‌స్టే నది ఒడ్డున ఈ చోటు చూసి ముచ్చటపడి తన పేరే పెట్టుకున్నాడు. పక్కనున్న కొండకూ అతని పేరే, సిమోన్స్‌బర్గ్. అప్పటికి ఆ లోయలు ఖాళీగా లేవు. ఖోయ్‌ఖోయ్ పశుపాలకులు తరతరాలుగా అక్కడ మందలు మేపుకుంటున్నారు. ఆ మేతభూములనే కంపెనీ పొలాలుగా పంచిపెట్టింది. కేప్‌టౌన్ తర్వాత ఐరోపావాళ్ళు దక్షిణాఫ్రికాలో కట్టుకున్న రెండో ఊరు ఇదే. కేప్‌లో తొలి వైను తయారైన రోజు కూడా రికార్డయి ఉంది: 1659 ఫిబ్రవరి 2. కేప్ తొలి డచ్ పాలకుడు వాన్ రీబీక్ తన దినచర్యలో రాసిపెట్టుకున్నాడు.

సిమోన్ వాన్ డెర్ స్టెల్ గురించి ఒక విషయం మనకు తెలిసి ఉండాలి. అతను 1639లో మారిషస్‌కి వెళ్తున్న ఓడలో, సముద్రం మీద పుట్టాడు. తల్లి పేరు మరియా లీవెన్స్. ఆ మరియా తల్లి మోనికా అనే భారతీయ స్త్రీ, బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. అంటే కేప్ వైనుకు పితామహుడని చెప్పుకునే ఈ పాలకుడి అమ్మమ్మ మన దేశపు బానిస. చాలాకాలం అతన్ని అచ్చమైన డచ్ దొరగానే పుస్తకాలు చూపించాయి. ఇది ఊరికే ఒక వింత విశేషంగా చెప్పడం లేదు. ఆ తోటల కథ ఎక్కడ మొదలుపెట్టినా హిందూ మహాసముద్రం అవతలి ఒడ్డు తగులుతుందని చెప్పడానికి చెబుతున్నాను.

ఊళ్ళో నడుద్దాం రండి. డార్ప్ స్ట్రీట్ అని పాత వీధి ఉంది. ఒకే వరసలో అన్ని పాత ఇళ్ళు ఆ దేశంలో ఇంకెక్కడా లేవంటారు. రోడ్డు పక్కన పిల్లకాలువలు పారుతుంటాయి. నది నుంచి మళ్ళించిన నీళ్ళు ఒకప్పుడు ప్రతి ఇంటి పెరటితోటకూ అందేవి, పిండిమరను తిప్పేవి. చెట్లు ఓక్ చెట్లు. వాన్ డెర్ స్టెల్ మొదలుపెట్టిన అలవాటు. ఊరికి ఓక్‌ల ఊరని మారుపేరు కూడా వచ్చింది. వైను పీపాలకు పనికొస్తాయని నాటారు. కానీ కేప్ ఎండకు ఆ చెట్లు ఐరోపాలోకన్నా వేగంగా ఎదిగిపోయాయి. వేగంగా ఎదిగిన కలప గుల్లబారి ఉంటుంది, పీపా కడితే కారుతుంది. పీపాలకు పనికిరాని చెట్లు మూడు వందల ఏళ్ళుగా నీడనిస్తున్నాయి.

పాత ఊరిని చూడాలనుకునేవాళ్ళు తప్పనిసరిగా వెళ్ళాల్సింది అక్కడి గ్రామ మ్యూజియానికి. అది ఒక్క భవనం కాదు. నాలుగు కాలాలకు చెందిన నాలుగు ఇళ్ళు, లోపల ఆయా కాలాల సామాన్లతో. మొదటిది 1709 నాటి ష్రూడర్ ఇల్లు. మందపు గోడలు, చిన్న కిటికీలు, లోపల చీకటి, వంటపొయ్యి దగ్గరే సంసారమంతా. 1710లో ఊరు చాలావరకు తగలబడిపోయినా ఇది మిగిలింది. రెండోది 1789 నాటి బ్లెటర్‌మన్ ఇల్లు. కంపెనీ పాలనలో ఆఖరి మేజిస్ట్రేటు ఉన్న ఇల్లు. రెల్లు కప్పు, వంపులు తిరిగిన తెల్లటి ముఖపుగోడలు. ఆ ప్రాంతపు వాస్తుశిల్పమంటే ప్రపంచం గుర్తుపట్టేది ఈ ముఖపుగోడల్నే. తర్వాతివి 1803 నాటి రెండంతస్తుల ఇల్లు, 1850 నాటి విక్టోరియా కాలపు ఇల్లు. మొదటి ఇంటినుంచి నాలుగో ఇంటికి వచ్చేసరికి కిటికీలు పెద్దవవుతాయి, గదులు పెరుగుతాయి, సామాన్లు మెరుస్తాయి. సంపద పెరిగిన తీరు కళ్ళకు కడుతుంది. ఆ సంపద ఎవరి కష్టమో ఆ గదుల్లోనే నిలబడి అడగాలి.

1652 నుంచి 1808 దాకా కేప్‌కి దాదాపు 63 వేల మంది బానిసలను ఓడల్లో తెచ్చారని చరిత్రకారుడు రాబర్ట్ షెల్ లెక్క కట్టారు. అందులో సుమారు నాలుగో వంతు మన ఉపఖండం నుంచి. మిగతావాళ్ళు ఆఫ్రికా, మడగాస్కర్, ఇండోనేషియా దీవుల వాళ్ళు. నాలుగో వంతంటే దాదాపు పదహారు వేల మంది! బెంగాల్ నుంచి, మలబారు నుంచి, కోరమాండల్ నుంచి. కోరమాండల్ అంటే మన తూర్పుతీరమే. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే కోఠీ తెరిచారు. వలందులంటే డచ్చివాళ్ళే; వాళ్ళ పేరు మీద మచిలీపట్నంలో వలందపాలెం ఇప్పటికీ ఉంది. పులికాట్‌లో కోట కట్టారు. పాలకొల్లు, నరసాపురం, జగన్నాథపురం, భీమునిపట్నం అన్నీ వాళ్ళ వ్యాపారస్థలాలే. కలంకారీ కోసం, నూలు బట్టల కోసం వచ్చారని మన పాఠాల్లో చదువుకుంటాం. నిజమే. బట్టతోపాటు మనుషులనూ కొన్నారు. యుద్ధాలు, కరువులు ముంచుకొచ్చిన ఏళ్ళలో కన్నవాళ్ళు పిల్లల్ని అమ్ముకున్నారు, కొందరు తమను తామే అమ్ముకున్నారు. 1659 నుంచి 1661 దాకా ఈ తీరం నుంచి వేలమంది సిలోనుకూ, ఇప్పటి జకార్తా అయిన బటావియాకూ తరలిపోయారు. కొందరు అక్కడినుంచి కేప్ చేరారు.

ఓడ దిగేసరికి వాళ్ళ పేరు మారిపోయేది. కంపెనీ గుమాస్తా ఒక క్రైస్తవ పేరో, నెల పేరో, గ్రీకు పురాణంలోని పేరో రాసేవాడు. పక్కన వచ్చిన చోటు. ఫలానావాడు బెంగాల్‌వాడు, ఫలానా ఆమె "తీరం" మనిషి. ఈ తీరం అంటే కోరమాండల్ తీరం. అమ్మ పెట్టిన పేరు పోయింది, ఇంటిపేరు పోయింది, కులం పోయింది, భాష కూడా రెండు తరాల్లో పోయింది. మిగిలిందల్లా పుట్టిన తీరం పేరు. పులికాట్ నుంచి వెళ్ళిన కాతరీనా అనే స్త్రీని బటావియాలో హత్యానేరం మీద శిక్షించి 1657లో కేప్‌కి పంపారు. కేప్ దస్తావేజుల్లో ఆమె పెద్ద కాతరీనా, పులికాట్ కాతరీనా. ఊరు ఏర్పడకముందే ఆమె ఆ నేల మీద బతికింది.

స్టెలెన్‌బోష్ రైతు చనిపోతే ఇంట్లో ఉన్నదంతా పట్టీ రాసేవాళ్ళు. ఇన్ని గుర్రాలు, ఇన్ని ఎద్దులు, ఇన్ని వైను పీపాలు, ఇంత గోధుమ. అదే పట్టీలో, అదే చేతిరాతలో, బానిసల పేర్లు వరసగా, ఎదురుగా ధర. ద్రాక్ష నాటింది వాళ్ళు, కత్తిరించింది వాళ్ళు, కోసింది వాళ్ళు, తొట్లలో కాళ్ళతో తొక్కి రసం తీసింది వాళ్ళు. కప్పులు వేసిందీ సున్నం కొట్టిందీ వాళ్ళే. మనం ఫొటో దిగే ఆ అందమైన ముఖపుగోడల మీద వంపులు దిద్దిన తాపీలు ఎక్కువగా వాళ్ళ చేతుల్లోవే. చెట్టు గొప్పదనం చెప్పే గైడు ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆ తోటల చరిత్ర చెప్పేటప్పుడు ముందు రావలసిన అధ్యాయం ఇదేనని నా నమ్మకం.

అందరి కథా ఒకేలా లేదు. ఊరి వెనక జోంకర్స్‌హుక్ అనే లోయ ఉంది. రెండు పక్కలా ఆకాశాన్నంటే కొండలు, మధ్యలో నది. 17వ శతాబ్దం చివర్లో విడుదలైన బానిసలు కొందరికి కూడా ఇక్కడ భూములు దక్కాయి. వాళ్ళలో ఒకతను బెంగాల్ లూయీ. బానిసగా వచ్చినవాడు భూస్వామిగా పేరెక్కాడు. అయితే అలాంటివాళ్ళు కొద్దిమందే. తర్వాతి తరాల్లో ఆ భూములు వాళ్ళ చేతుల్లో నిలవలేదు.

1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. కాగితం మీద. అప్రెంటీసుల పేరుతో ఇంకో నాలుగేళ్ళు పాత యజమానుల దగ్గరే పని చేయించుకున్నారు. నష్టపరిహారం యజమానులకు దక్కింది, పని చేసినవాళ్ళకు కాదు. 1838 డిసెంబరు 1న అసలు విడుదల. పొలాలు వదిలి బయటికొచ్చినవాళ్ళకు నిలువ నీడ కావాలి. అలా 1843లో పుట్టిన ఊరే ప్నీల్. స్టెలెన్‌బోష్ నుంచి హెల్స్‌హూగ్టె కనుమ ఎక్కి అవతల దిగితే సిమోన్స్‌బర్గ్ కొండపాదంలో కనిపిస్తుంది. చర్చి, చుట్టూ చిన్న ఇళ్ళు, పెరళ్ళు. విముక్తులైన కుటుంబాల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. స్టెలెన్‌బోష్ వెళ్ళినవాళ్ళెవరైనా ఒక పూట వైను రుచులు మానుకుని అయినా ప్నీల్ వెళ్ళి రావాలి. ఆ కనుమ మీదినుంచి కనిపించే లోయ ఎంత అందంగా ఉంటుందో! ఒక పక్క ద్రాక్ష, ఒక పక్క ప్లమ్, పియర్ తోటలు, వెనక నీలి కొండలు.

పళ్ళతోటలన్నాను కదా, వాటికీ ఒక కారణం ఉంది. 1886లో కేప్‌లో ద్రాక్ష వేళ్ళను తినే పురుగు బయటపడింది. ఫిలోక్సెరా అంటారు, పేనుబంక జాతికి దగ్గరి చుట్టం. అంతకుముందే ఫ్రాన్సు తోటల్ని నేలమట్టం చేసింది. కేప్‌లోనూ తీగలు తోటలకు తోటలు చచ్చిపోయాయి. అమెరికా ద్రాక్ష వేరు ఈ పురుగును తట్టుకుంటుంది. కాబట్టి కింద అమెరికా వేరు, పైన ఐరోపా రకం పెట్టి అంటుకట్టడమే మందు. అంటుతోటలు ఫలించేలోపు చాలామంది రైతులు చితికిపోయారు. ఆ సమయంలోనే హ్యారీ పిక్‌స్టోన్ అనే ఆంగ్లేయుడు కాలిఫోర్నియాలో నేర్చిన పళ్ళసాగు ఇక్కడికి తెచ్చాడు. 1892లో కేప్ పీచ్ పళ్ళు ఓడలో లండన్ చేరి చెడకుండా దిగాయి. ఉత్తరాన చలికాలం, అక్కడ తాజా పండు దొరకదు. దక్షిణాన అదే పళ్ళకాలం. ఈ లెక్క అర్థమయ్యాక ద్రాక్ష పోయిన నేలల్లో పీచ్, ప్లమ్, ఆప్రికాట్, పియర్ లేచాయి. చితికిన పొలాల్ని వజ్రాల వ్యాపారి సెసిల్ రోడ్స్ వరసగా కొని పెద్ద పళ్ళ కంపెనీ పెట్టించాడు. ఆప్రికాట్‌తో అక్కడివాళ్ళు బ్లాత్యాంగ్ అని ఒక పచ్చడి చేస్తారు. వెనిగరు, మిరపకాయ పడుతుంది. అన్నంలో కాదు, మాంసంతో నంజుకుంటారు. ఊరగాయను అచార్ అనే అంటారు. ఆ వంటిళ్ళలో పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళెవరో నాలిక చెప్పేస్తుంది.

ఇక ఆ ఊరి సొంత ద్రాక్ష. దాని పేరు పినోటాజ్. 1925లో స్టెలెన్‌బోష్ విశ్వవిద్యాలయంలో అబ్రహాం పెరోల్డ్ అనే ఆచార్యుడు పీనో న్వార్ అనే నాజూకు రకాన్నీ, ఎండకు ఓర్చే సాంసో రకాన్నీ సంకరం చేశాడు. సాంసోను అక్కడ హెర్మిటాజ్ అనేవాళ్ళు. ఆ రెండు పేర్లూ కలిసి పినోటాజ్ అయింది. చేతికొచ్చింది నాలుగే నాలుగు గింజలు. ఇంటి పెరట్లో నాటాడు. తర్వాత ఉద్యోగం మారి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. పెరడు అడవిలా పెరిగింది. బాగుచేయడానికి మనుషులొచ్చారు. అటుగా సైకిలు మీద పోతున్న చార్లీ నీహౌస్ అనే యువ అధ్యాపకుడికి ఆ మొక్కల సంగతి తెలుసు. పనివాళ్ళను ఆపి నాలుగు మొక్కల్నీ కాపాడాడు. 1959లో పోటీలో ఆ ద్రాక్ష వైనుకు తొలి బహుమతి వచ్చాకగానీ లోకం గుర్తించలేదు. వైను ముట్టనివాళ్ళకు కూడా ఈ కథ నచ్చుతుంది. వ్యవసాయ పరిశోధనలో ఇలా కాపాడేవాళ్ళు లేక చెత్తకుప్పలో కలిసిపోయిన మొక్కలెన్నో!

అదే విశ్వవిద్యాలయం వర్ణవివక్ష పాలకులకూ చదువు చెప్పింది. మలాన్, వెర్వూర్ట్, ఫోర్‌స్టర్ ముగ్గురు ప్రధానులూ అక్కడి విద్యార్థులే. వెర్వూర్ట్ అక్కడ ఆచార్యుడు కూడా. జాతులవారీగా నివాసాలు వేరుచేసే వాళ్ళ చట్టం వాళ్ళ ఊరికే వచ్చింది. ఊరి నడిబొడ్డున ది ఫ్లాక్టె అనే పేట ఉండేది. బానిసల సంతతి, ఖోయ్‌ఖోయ్ సంతతి కలిసి బతికిన పేట. 1964లో దాన్ని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించారు. వేలమందిని ఊరి అంచులకు, క్లూట్స్‌విల్, ఈడాస్ లోయ పక్కకు తరిమారు. ఇళ్ళు కూలాయి, బడి భవనం విశ్వవిద్యాలయానికి పోయింది. మసీదు మాత్రం ఇప్పటికీ అక్కడే నిలిచి ఉంది. వీధి పటంలో దాన్ని వెతుక్కుని వెళ్ళండి.

నడుం వంచి కోసేవాళ్ళ సంగతికి వద్దాం. బానిసత్వం పోయాక కూడా చాలాకాలం కూలీల జీతంలో ఒక వంతు వైనుగా ఇచ్చేవాళ్ళు. పొద్దున కొంత, మధ్యాహ్నం కొంత, సాయంత్రం కొంత. డాప్ పద్ధతి అంటారు. తోటలో అమ్ముడుపోని వైను కూలీల రక్తంలో కలిసింది. చట్టం వద్దన్న తర్వాత కూడా 1990లదాకా కొన్నిచోట్ల సాగింది. తల్లి కడుపులోనే మద్యం బారిన పడి ఎదుగుదల దెబ్బతిన్న పిల్లల సంఖ్య ఈ ప్రాంతపు పల్లెల్లో ప్రపంచంలోనే అత్యధికంగా నమోదైంది. సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన నెల్లూరు ఆడవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. 2012 చివర్లో డి డూర్న్స్ అనే ద్రాక్ష పల్లెలో మొదలైన కూలీల సమ్మె లోయలన్నిటికీ పాకింది. రోజుకు 69 రాండ్లున్న కనీస కూలి, మరుసటి ఏడాది మార్చి నుంచి 105 రాండ్లయింది. వైను సీసా ధర చూసేటప్పుడు ఈ అంకె గుర్తుంటే మంచిది.

మరి ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి? కేప్‌టౌన్ నుంచి కారులో గంట. 1971లో ముగ్గురు రైతులు ఫ్రాన్సు పద్ధతి చూసొచ్చి ఇక్కడ వైను దారి మొదలుపెట్టారు, ఆ దేశంలో మొదటిది. దారి పొడవునా తోటల్లోకి ఎవరైనా వెళ్ళొచ్చు. వైను తాగనివాళ్ళకు ద్రాక్షరసం దొరుకుతుంది. సోమర్సెట్ వెస్ట్ దగ్గర వెర్‌గలేగన్ ఎస్టేటు చూడండి. వాన్ డెర్ స్టెల్ కొడుకు 1700 ప్రాంతంలో నాటించిన కర్పూరం చెట్లు అయిదు ఉన్నాయి, ఏనుగు కాళ్ళలాంటి మానులు. అక్కడే బానిసలు పడుకున్న కొట్టాన్ని పురావస్తువాళ్ళు తవ్వి తీశారు. కర్పూరం చెట్ల దగ్గర ఎంతసేపు నిలబడితే ఆ పునాదుల దగ్గరా అంతసేపు నిలబడండి.

చివరగా మన చరిత్ర విద్యార్థులకు ఒక విన్నపం. డచ్ కంపెనీ కాగితాలు హేగ్‌లో, కేప్‌టౌన్‌లో, చెన్నైలో భద్రంగా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. కేప్ రైతుల ఆస్తి పట్టీలను అక్షరం అక్షరం ఎత్తిరాసి అందరికీ అందుబాటులో పెట్టారు. బెంగాల్ మనుషుల మీద, మలబారు మనుషుల మీద పరిశోధనలు వస్తున్నాయి. మచిలీపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కినవాళ్ళ కోసం వెతకవలసింది మనమే. పాత డచ్చి చేతిరాత చదవడం నేర్చుకోవాలి, రెండు మూడేళ్ళ ఓపిక కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, కృష్ణా విశ్వవిద్యాలయంలోనో ఇద్దరు ముగ్గురు పిల్లలు పూనుకుంటే చాలు. ఒక వైపు ఓడల లెక్కలు, ఒక వైపు స్టెలెన్‌బోష్ పట్టీలు పక్కపక్కన పెట్టి, "తీరం" అని రాసిన చోటల్లా ఏ రేవో, ఏ ఏడాదో పోల్చి చూడాలి. ఆ పని చేస్తామని ముందుకొచ్చేవాళ్ళకు మన విశ్వవిద్యాలయాలు ఉపకార వేతనం ఇవ్వాలని కోరుతున్నాను.